ఎక్కడ తప్పో చెప్పని పెట్టె

రోజారాణి అత్తగారు సుశీలమ్మ ఏ కూర తిన్నా ఒకటే మాట అంటుంది.

"ఏందో తేడా ఉన్నది."

ఉప్పా, కారమా, పులుపా, అడుగంటిందా? అది మాత్రం చెప్పదు. ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఫ్యాను వైపు చూసి, ఆ మాట అనేసి మళ్లీ అన్నం కలుపుకుంటుంది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి రోజారాణి ఉప్పు తగ్గించి చూసింది, కారం పెంచి చూసింది, చింతపండు మానేసి టమాట వేసింది, నూనె మార్చింది. ఒకరోజైతే గరిటె విసిరినంత పని చేసింది.

"ఏం తేడానో చెప్పుండ్రి అత్తమ్మా! చెప్తేనే కదా దిద్దుకునేది!"

"తేడా అంటే తేడానే బిడ్డా," అంది సుశీలమ్మ నింపాదిగా, పెరుగు గిన్నె దగ్గరికి జరుపుకుంటూ.

భర్త చిరంజీవి సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. వారానికోసారి ఖానాపురం హవేలిలోని ఈ కిరాయి ఇంటికి వచ్చి, ఏది పెడితే అది తిని, గుర్రుపెట్టి నిద్రపోతాడు. ఆయన సాక్ష్యం ఇద్దరిలో ఎవరికీ పనికిరాదు. రోజారాణి గుణం ఎలాంటిదంటే, తప్పని ఎవరైనా అంటే ఎక్కడో తేలేదాకా ఆమెకు కుదురు ఉండదు. స్కూటీ టక్కుటక్కుమన్నా మెకానిక్ పక్కన నిలబడి ఏ నట్టు వదులైందో కళ్లారా చూస్తేగాని ఇంటికి రాదు. ఈ గుణం వల్లే ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆ గుణాన్ని ఆమె ఆఫీసు గుమ్మం బయట చెప్పులతోపాటే వదిలేసిందన్న సంగతి మాత్రం ఆ మే నెల మధ్యాహ్నం దాకా ఆమెకే తెలియలేదు.

ఖమ్మంలో ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ సంస్థలో ఆమె పనిచేస్తుంది. అక్కడ ఆమె తయారు చేసిన పేజీ ఒకటుంది. అందరూ దాన్ని 'పెట్టె' అంటారు. ఫోన్లో పేజీ తెరిస్తే ఖాళీ గడి ఒకటి కనబడుతుంది. పిల్లలు అందులో పైథాన్ భాషలో తాము రాసిన ప్రోగ్రాం అతికించి పంపితే, పెట్టె ఆ అక్షరాల దండను అలాగే తీసుకుని, ఆజ్ఞలుగా మార్చి నడిపిస్తుంది. వినడానికి సులువే గాని ఇది పామును పెంచుకోవడం లాంటి పని. ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన మాటను మన యంత్రం చేత చేయించాలి. ఎవడైనా 'అన్నీ చెరిపెయ్' అని రాస్తే అది నమ్మకంగా చెరిపేస్తుంది. అందుకే రోజారాణి పెట్టెకు లోపల్నుంచి గట్టిగా గొళ్లెం పెట్టింది. బయటి అక్షరాలు లోపల ఏదీ ముట్టుకోలేవు, లోపలి సంగతి ఏదీ బయటికి పోదు.

బయటికి పోనివ్వని వాటిలో తప్పుల వివరం కూడా ఉంది. ప్రోగ్రాం రాతలో పొరపాటు ఉంటే పైథాన్ ఏ వరుసలో, ఏ అక్షరం దగ్గర ఆగిందో ఇంగ్లీషులో చెబుతుంది. "అదంతా చూపియ్యకు రోజా, పిల్లలు బెదురుతరు. ఒక్క ముక్కల చెప్పు," అన్నారు సంస్థ నడిపే సతీష్ సార్. రోజారాణికీ అదే నయమనిపించింది. అప్పటి నుంచి రాత తప్పైతే పెట్టె అందరికీ ఒకటే జవాబు ఇస్తుంది: 'సింటాక్స్ తప్పు. మళ్లీ పంపండి.'

ఆ వేసవిలో సంస్థ ఊళ్ల నుంచి ఇంటర్ పూర్తిచేసిన ఆడపిల్లల్ని ఉచిత శిక్షణకు ఎంపిక చేస్తోంది. ఖమ్మంలోనే హాస్టల్, తిండి, చివర ఉద్యోగానికి దారి. ముగ్గురేసి జట్టుగా రావాలి. మీ ఊరికి పనికొచ్చేది ఏదైనా ప్రోగ్రాంగా రాసి పెట్టెలో వేయండి, ఎన్నిసార్లయినా పంపుకోవచ్చు, గడువులోగా చివరిగా పంపిందే లెక్క. నిబంధన అంతే. ఆ రోజు సాయంత్రంతో గడువు అయిపోతుంది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూతపెడుతుంటే సతీష్ సార్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఆ భద్రాచలం అవతలి జట్టు ఉన్నది సూడు, యశోద, నాగక్క, కళావతి. రోజూ పంపుతున్నరు, రోజూ తప్పే. పొద్దున మళ్లొకటి పంపిన్రు. గదీ తప్పే. సున్నా వేసి పక్కకు పెట్టరాదు?"

"గడువు సాయంత్రం దాకా ఉన్నది గద సార్."

"ఉంటే ఏంది? మారుతదా?"

రోజారాణికీ ఆ జట్టు మీద కొంచెం విసుగే. ఇన్నిసార్లు తప్పు పంపేవాళ్లు ఒక్కసారైనా కూర్చుని చూసుకోరా అనుకుంది. సున్నా వేసే ముందు, అసలు ఏం పంపారో చూద్దామని తెరిచింది.

తెరిచి నవ్వింది. అది ప్రోగ్రాంలా లేదు, పిల్లల ముచ్చట్లలా ఉంది. ప్రతి వరుస ముందూ ఒక పేరు, ఒక టైము. యశోద, పొద్దున. కళావతి, నిన్న సాయంత్రం. మళ్లీ యశోద. పేరు తర్వాత కొన్ని వరుసల మొదట్లో చుక్కలు. చుక్కల తర్వాత అసలు మాట. మెసేజ్‌ల గ్రూపులోంచి ఉన్నది ఉన్నట్టు ఎత్తుకొచ్చి గడిలో పోశారు. మొదటి వరుసలో యశోద పేరు దగ్గరే పెట్టె తల అడ్డంగా ఊపేసింది.

"ముగ్గు వేసిన్రా, ప్రోగ్రాం రాసిన్రా?" అనుకుంది రోజారాణి.

కానీ ఆ చుక్కలు ఆమెను వదల్లేదు. ముగ్గులో చుక్కల్లాగే అవి లెక్క ప్రకారం ఉన్నాయి. లోపలికి జరగాల్సిన వరుసకు నాలుగు, ఇంకా లోపలికి జరగాల్సిన దానికి ఎనిమిది. ఎక్కడా ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. పైథాన్‌లో ఏ వరుస దేని కిందికి వస్తుందో ముందున్న ఖాళీ జాగానే చెబుతుంది. ఆ ఖాళీ పోతే ప్రోగ్రాం లేనట్టే.

ఆమె వెనక్కి వెళ్లి పాతవన్నీ ఒక్కొక్కటిగా తెరిచింది. మొట్టమొదట పంపినదానిలో కొటేషన్ గుర్తులు ఫోన్ పెట్టే వంకర గుర్తులు. అవి చూపుకు అందంగా ఉంటాయి గాని పైథాన్‌కు పనికిరావు. పెట్టె 'తప్పు' అంది. పిల్లలు తెలుగు మాటలే తప్పేమో అనుకున్నట్టున్నారు, వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పంపారు. పెట్టె 'తప్పు' అంది. తెలుగు మళ్లీ పెట్టి జంట గుర్తులు ఒంటివి చేశారు. అవీ వంకరే. 'తప్పు.' ఎక్కడ దొరికించుకున్నారో, ఆ తర్వాతిదానిలో గుర్తులు నిటారుగా వచ్చాయి. అయితే వరుసల ముందు ఖాళీలన్నీ ఎగిరిపోయాయి, అన్నీ గోడకు కొట్టినట్టు ఒకే చోట మొదలయ్యాయి. ఆమెకు అర్థమైంది. వీళ్లు ముగ్గురూ ఒకచోట కూర్చుని రాయడం లేదు. ఇది బీడీలకు తునికాకు కోసే కాలం. ఎవరి దారిన వాళ్లు ఆకుకు పోతారు. సిగ్నల్ అందిన చోట ఒకరు ఒక వరుస గ్రూపులో వేస్తే, ఇంకొకరు ఎప్పుడో ఇంకో వరుస వేస్తున్నారు. అలా పంపిన ప్రతి మెసేజ్ ముందరి ఖాళీని ఫోన్ మింగేస్తోంది. అది కనిపెట్టి, ఖాళీ పోకుండా చుక్కలు కాపలా పెట్టారు.

వాళ్లకు పని తెలుసు. వాళ్లకు తెలియంది ఒక్కటే, ఎక్కడ తప్పో. అది తెలిసిన పెట్టె నోరు విప్పలేదు. పెట్టె నోరు కుట్టింది తనే.

'ఏందో తేడా ఉన్నది' అన్న అత్తగారి గొంతు రోజారాణి చెవిలో వినబడింది. ఇంట్లో తను పడిన ఉక్రోషమంతా ఆ గుట్టల్లో ముగ్గురు పిల్లలు రోజుకోసారి పడ్డారు. తనైతే గరిటె ఎత్తింది. వాళ్లు ఎవరి మీద ఎత్తాలి?

ఆమె లేచి సతీష్ సార్ గదికి వెళ్లింది.

"సార్, వాళ్లది సున్నా కాదు."

"పెట్టె అన్నది గద."

"పెట్టెకు నేను నేర్పిందే గంత. పేర్లు, టైములు తీసేసి, చుక్కల్ని ఖాళీలు చేస్తే నడుస్తదేమో."

"నువ్వు దిద్దినంక అది నీ ప్రోగ్రాం అయితది, వాళ్లది కాదు. అరటిపండు ఒలిచి చేతుల పెడ్తవా? పిల్లలే ఫోన్ చేసి అడగలే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"వాళ్లు రాసిన మాట ఒక్కటి ముట్ట సార్. దారిల అంటిన దుమ్ము దులుపుత. అందరివీ దులుపుత, వాళ్లవే కాదు."

సతీష్ సార్ చెడ్డవారేం కాదు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "అందరివీ అంటే సరే. సాయంత్రం దాకే. తర్వాత నేను ముయ్యాలె," అన్నారు.

రోజారాణి పెట్టె తెరిచి లోపలికి దిగింది. అక్షరాల దండ నడవబోయే ముందు ఒక జల్లెడ కట్టింది. వంకర గుర్తులు నిటారు కావాలి. వరుస ముందు గ్రూపు అంటించిన పేరూ టైమూ రాలిపోవాలి. వరుస మొదటి చుక్కలు అన్నే ఖాళీలు కావాలి. ఇక తప్పుల వివరాన్ని దాచిన గొళ్లెం తీసింది. ఏ వరుస, ఏ చోటు, ఏం లోపం, తేలిక తెలుగులో చెప్పేలా పెట్టింది. జల్లెడ పట్టి అందరివీ మళ్లీ నడిపిస్తే తిరుమలాయపాలెం జట్టు ఒకటి వంకర గుర్తుల నుంచి బయటపడి లేచి కూర్చుంది. పాపం, వాళ్లు రెండుసార్లు పంపి మానేశారు.

యశోద వాళ్ల అడవి జట్టుది మాత్రం మళ్లీ ఆగింది. ఈసారి పెట్టె కొత్త నోటితో చెప్పింది: 'రెండో వరుసలో తెరిచిన బ్రాకెట్ ఎక్కడా మూయలేదు.'

రెండో వరుస యశోదది. ఊళ్లో సిగ్నల్ దొరికే చోట్లు, ఇళ్ల నుంచి ఒక్కోదానికి ఎంతసేపు నడవాలో వరసగా చెప్పింది. పెద్దగుట్ట. వాగు అవతలి బండ. ఆ తర్వాత కామా పెట్టి ఆగింది. కింది వరుసలు ఆ చోట్లలో అన్నిటికన్నా దగ్గరిది ఏదో వెతికి చెబుతాయి. ఎవరికైనా పాము కరిస్తే, నొప్పులొస్తే, 108కు ఫోన్ చేయడానికి ఎటు పరుగెత్తాలో చెప్పే ప్రోగ్రాం అది.

బ్రాకెట్ మూయడానికి ఒక్క మీట నొక్కితే చాలు. ఎవరూ చూడరు. నడుస్తుంది, జవాబు 'వాగు అవతలి బండ' అని వస్తుంది, ముగ్గురు పిల్లలకూ హాస్టల్లో మంచాలు వస్తాయి. రోజారాణి వేలు మీట మీదికి వెళ్లింది కూడా. కానీ ఆ కామా ఆమెను ఆపింది. పాత ప్రయత్నాల్లో ఆ వరుస బండ దగ్గరే మూసి ఉంది. ఈసారి కావాలని తెరిచి, కామా పెట్టి ఉంచారు. బంతిలో ఎవరో రావాలని వేసి ఉంచిన ఖాళీ విస్తరిలా ఉంది అది. మొత్తంలో నాగక్క పేరు ఎక్కడా లేదు. రావాల్సింది నాగక్క.

జట్టు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. మోగింది. అటునుంచి బస్సు రొద.

"హలో, యశోదేనా?"

"యశోద నాయినను, పగిడయ్యను. ఎవలు మాట్లాడేది?"

"ఖమ్మం నుంచమ్మా... అదే, పెద్దయ్యా. యశోద పరీక్ష రాసిన ఆఫీసు నుంచి. పిల్ల ఉన్నదా?"

"పిల్ల ఆకుకు పోయింది. నేను కండ్లు సూపిచ్చుకుందామని భద్రాద్రి దవాఖానాకొచ్చి ఇప్పుడు ఇంటికి మర్లిపోతున్న. పొద్దున పెద్దగుట్ట కాడ బస్సు హారన్ కొడ్తుంటే పిల్ల ఇంకా ఫోన్ వొత్తుతాంది. నేనే గుంజుకున్న. ఏమన్న పాడైందా అమ్మా?" ఆయన గొంతులో భయం స్పష్టంగా ఉంది.

రోజారాణికి మిగతాది కళ్లకు కట్టింది. బస్సు హారన్, తండ్రి తొందర, పేర్లు చెరిపే తీరిక లేదు, చుక్కలు మార్చే తీరిక లేదు, నాగక్క వరుస ఇంకా చేరలేదు. ఉన్నది ఉన్నట్టు పోసి ఫోన్ ఇచ్చేసింది యశోద.

"ఏం పాడుగాలే పెద్దయ్యా. నీ ఫోన్ల ఒక మెసేజ్ వచ్చి ఉంటది. నాగక్క పంపింది. అది నాకు పంపాలె."

"నాకు సదువు రాదు గదమ్మా. కండ్లల్ల మందు కూడ పోసిన్రు, అంతా మసకమసక."

"పక్కన ఎవరన్న ఉంటే ఇయ్యి."

"కండక్టరమ్మ ఉన్నది. బస్సు ఇగ అడవిల పడ్తది, అక్కడ మాటలు తెగిపోతయి."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. "ఎవరండీ? నేను టికెట్లు కొట్టాలె," అంది ఒక విసుగు గొంతు.

"అక్కా, ఒక్క నిమిషం. మెసేజ్‌ల గ్రూపు తెరువు. నాగక్క పేరు మీద పొద్దున వచ్చింది ఉన్నదా?"

"ఉన్నది. ఏందిది, లెక్కలా? పద్యమా?"

"ఏదైనా కానీ అక్కా, ఒక్క అక్షరం మార్చకుండ ఈ నంబరుకు పంపు. ముగ్గురు ఆడపిల్లల సీట్లు దీంట్లనే ఉన్నయి."

అటు టికెట్ల మిషన్ చప్పుడు ఆగింది. "డ్రైవరన్నా, జర ఆపు, జర ఆపు," అన్న కేక వినబడింది. బ్రేకు కీచుమంది. ఎవరో ప్రయాణికుడు సణిగాడు. "నీ టికెట్ చిల్లర నేను ఇయ్యనా ఏంది, కూసో," అని కండక్టరమ్మ గద్దించింది. ఆ తర్వాత లైను తెగిపోయింది.

రోజారాణి ఫోన్ బల్ల మీద పెట్టి దానివైపే చూస్తూ కూర్చుంది. సతీష్ సార్ ఒకసారి తొంగి చూసి గడియారం చూపించి వెళ్లిపోయారు. ఆమె మనసులో దేవుళ్లను మొక్కలేదు గాని, ఆ కండక్టరమ్మ వేళ్లను మొక్కింది.

టింగుమంది.

ఆమె ఆ వరుసను ఎత్తి, యశోద కామా పక్కన, ఉన్నది ఉన్నట్టు పెట్టింది. తన చేతి గుర్తు ఒక్కటీ కలపలేదు. బ్రాకెట్‌ను నాగక్కే మూసింది. నడిపించింది. పెట్టె ఈసారి ఏ తప్పూ చెప్పలేదు. అన్నిటికన్నా దగ్గరి చోటు పేరు ఒక్క వరుసలో రాసింది:

'నాగక్క ఇంటెనక మద్దిచెట్టు, పై కొమ్మ.'

రోజారాణి ఆ వరుసను మళ్లీ మళ్లీ చదివింది. తను మీట నొక్కి ఉంటే పెట్టె వాగు అవతలి బండ చూపించేది. అదీ నడిచేది, అదీ ఒప్పే అనేది. అర్ధరాత్రి పాము కరిచినవాడిని వదిలి ఎవరో వాగు దాటి పరుగెత్తేవారు, ఇంటి వెనకే చెట్టుండగా. సతీష్ సార్‌ను పిలిచి చూపించింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చదివి, "కొమ్మ ఎక్కి పంపిందా గా పిల్ల?" అన్నారు. ఇంకేమీ అనకుండా జట్టు పేరు పక్కన టిక్కు పెట్టారు.

ఆ సాయంత్రం సుశీలమ్మ వంకాయ కూరతో ముద్ద పెట్టుకుని ఫ్యాను వైపు చూసింది.

"ఏందో తేడా ఉన్నది."

రోజారాణికి కోపం రాలేదు. పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఎక్కడ తేడా అత్తమ్మా? నాలిక కొసకు తెలుస్తుందా, గొంతుల దిగినంకనా?"

అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబోలు, సుశీలమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నిజం చెప్పాల్నంటే బిడ్డా, నాకు ఏదీ తెలుస్తలేదు. బీపీ గోలీలు మొదలైన కాడి నుంచి ఏది తిన్నా మట్టి తిన్నట్టే ఉంటది. నీ వంట తప్పని గాదు. నా నోట్లనే ఏందో తేడా," అంది.

"గీ మాట ఇన్నేండ్ల సంది చెప్పరాదా?"

"ఏదో తేడా ఉన్నదని రోజూ చెప్తనే ఉన్న గద," అంది సుశీలమ్మ అమాయకంగా. రోజారాణికి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. గోలీలు మార్పించడానికి దవాఖానాకు తీసుకుపోవాలని ఆ పూటే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే, స్కూటీ బయటికి తీస్తుంటే కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గాలి హోరు, ఆకుల చప్పుడు, మధ్యలో సన్నటి గొంతు.

"మేడం, నేను నాగక్కను. మా తమ్ముని ఫోన్ తోటి చేస్తున్న."

సీటు వచ్చిందన్న మాట చెప్పడానికి రోజారాణి నోరు తెరిచింది. ఆ పిల్ల చెప్పనివ్వలేదు. సీటు సంగతి అడగనూ లేదు.

"మేడం, రోజూ తప్పు తప్పు అన్నది గద. ఎక్కడ తప్పు పడ్డది మేడం? మేము ముగ్గురం మస్తు లొల్లి పెట్టుకున్నం. నీ వరుసల అంటే నీ వరుసల అని. కళావతి నిన్నటి సంది మాట్లాడ్తలేదు."

రోజారాణి ఆఫీసుకు బయల్దేరడం ఆపేసింది. స్కూటీ స్టాండు వేసి గేటుకు ఆనుకుంది.

"ముగ్గురి వరుసలూ మంచిగనే ఉన్నయి నాగక్కా. తప్పు మా పెట్టెలో ఉండె. కళావతికి ముందు ఆ మాట చెప్పు."

అటు ఆకులు గలగలమన్నాయి, కొమ్మ కిర్రుమంది.

"ఒక్క నిమిషం మేడం," అంది నాగక్క. "ఆమె చెట్టు కిందనే ఉన్నది. మీరే చెప్పుండ్రి. పైకి ఎక్కమంట."